స్కాటలైట్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

జమైకా సంగీతం అనగానే చాలామందికి బాబ్ మార్లే గుర్తొస్తాడు. మార్లే బృందం ది వైలర్స్‌కి తొలి హిట్ ఇచ్చిన 'సిమ్మర్ డౌన్' పాట వెనక ట్రంపెట్లు, సాక్సోఫోన్లు వాయించింది ఎవరో మాత్రం తక్కువమందికే తెలుసు. వాళ్లే తర్వాత స్కాటలైట్స్ అనే పేరు పెట్టుకున్నారు. పద్నాలుగు నెలలు కలిసి ఉన్నారు, బ్రిటన్ చార్టులో ఒక్క కవర్‌తో, అంటే వేరేవాళ్ల ట్యూన్‌ని తమ పద్ధతిలో వాయించిన రికార్డుతో కనిపించారు, అది కూడా విడిపోయాక. ఈ బ్యాండ్ గురించి ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

అసలు స్కాటలైట్స్ ఎవరు?

1964లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఏర్పడ్డ వాద్యకారుల బృందం. 1965 ఆగస్టులో విడిపోయింది. అప్పటికే వీళ్లంతా ఆ ఊరి స్టూడియోల్లో పేరున్న సెషన్ ఆర్టిస్టులు. ఇవాళ ఒక ప్రొడ్యూసర్‌కి, రేపు ఇంకొకరికి వాయించేవాళ్లు. ఒక పేరు కింద చేరింది మాత్రం ఈ పద్నాలుగు నెలలే. ఆ కాలంలో వీళ్లు వాయించిన రికార్డులు వందల్లో ఉన్నాయి.

ఆ పేరు ఎలా వచ్చింది?

అది అంతరిక్ష పోటీ జోరుగా సాగుతున్న కాలం. బ్యాండ్‌కి శాటిలైట్స్ అని పెడదామని ఒకరంటే, మనం వాయించేది స్కా కదా, స్కాటలైట్స్ అందాం అని నాయకుడు టామీ మెకుక్ అన్నాడట. సభ్యులు తర్వాత చెప్పిన కథ ఇది.

స్కా అంటే ఎలాంటి సంగీతం? వింటే గుర్తుపట్టడం ఎలా?

నోటితో త-క-ధి-మి అని కాస్త చురుగ్గా అంటూ ఉండండి. మామూలు పాటల్లో గిటార్ బలం 'త' మీద పడుతుంది. స్కాలో 'త' దగ్గర గిటార్ మౌనంగా ఉంటుంది. 'క' మీద, 'మి' మీద చిన్నగా, తెంపినట్టు మోగుతుంది. పియానో కూడా అక్కడే. డ్రమ్ దెబ్బ 'ధి' మీద పడుతుంది. కింద బాస్ ఆగకుండా నడుస్తూ ఉంటుంది. పైన ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సోఫోన్లు కలిసి పాట వరసను పట్టుకుంటాయి. రెండు నిమిషాలు వింటే కాళ్లు వాటంతటవే కదులుతాయి.

ఇది ఒక్కరు కనిపెట్టింది కాదు. 1950లలో కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్‌ల రాజ్యం నడిచేది. పెద్ద పెద్ద స్పీకర్లు, ఒక టర్న్‌టేబుల్, ఒక డీజే, చుట్టూ జనం. అక్కడ మోగేవి ఎక్కువగా అమెరికా నుంచి తెచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు. అమెరికాలో అభిరుచి రాక్ అండ్ రోల్ వైపు మళ్లాక ఆ తరహా కొత్త రికార్డులు దొరకడం తగ్గింది. దాంతో సౌండ్ సిస్టమ్ యజమానులు సొంతంగా రికార్డులు చేయించడం మొదలుపెట్టారు. ఆ అమెరికన్ లయకి జాజ్, జమైకా జానపదమైన మెంటో, రాస్తఫారీ అనే జమైకా మతోద్యమం వాళ్ల శిబిరాల్లో మోగే, ఆఫ్రికా మూలాలున్న బుర్రు డప్పులు తోడయ్యాయి. అలా స్కా తయారైంది. 1962 ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఉత్సాహం వినిపించేది ఈ సంగీతంలోనే.

బ్యాండ్‌లో ఎవరెవరు ఉండేవాళ్లు?

టెనర్ సాక్సోఫోన్లు రెండు: టామీ మెకుక్, రోలాండ్ అల్ఫాన్సో. ఇద్దరూ క్యూబాలో పుట్టి జమైకాలో పెరిగినవాళ్లు. ఆల్టో సాక్సోఫోన్ లెస్టర్ స్టెర్లింగ్. ట్రంపెట్ జానీ మూర్, అందరూ 'డిజ్జీ' అనేవాళ్లు. ట్రాంబోన్ డాన్ డ్రమండ్. డబుల్ బాస్ లాయిడ్ బ్రెవెట్, డ్రమ్స్ లాయిడ్ నిబ్, గిటార్ 'జా జెర్రీ' హేన్స్, పియానో జాకీ మిట్టూ. బ్యాండ్ మొదలైనప్పుడు మిట్టూకి పదహారేళ్లు. స్టేజీ మీద డోరీన్ షాఫర్, జాకీ ఓపెల్, లార్డ్ తనమో, టోనీ డకోస్టా పాడేవాళ్లు.

నన్నడిగితే ఈ బ్యాండ్ గుండెకాయ లాయిడ్ నిబ్. వారైకా కొండల్లో కౌంట్ ఆసీ అనే రాస్తఫారీ డప్పు వాద్యకారుడి శిబిరం ఉండేది. ఈ బ్యాండ్ వాళ్లలో కొందరు అక్కడికి వెళ్లి వాయించేవాళ్లు. అక్కడి బుర్రు లయను నిబ్ డ్రమ్ సెట్ మీదకు తెచ్చాడు. హార్న్స్, అంటే ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సోఫోన్లు ఎంత పైకి ఎగిరినా కింద అతని దెబ్బ తడబడదు. ఒకసారి పాటంతా డ్రమ్స్ ఒక్కటే వింటూ కూర్చోండి, నేను చెప్పేది తెలుస్తుంది.

అందరూ ఒకే అనాథాశ్రమం నుంచి వచ్చారని విన్నాను. నిజమేనా?

అందరూ కాదు, నలుగురు. మెకుక్, డ్రమండ్, స్టెర్లింగ్, మూర్ చదివింది కింగ్‌స్టన్‌లోని ఆల్ఫా బాయ్స్ స్కూల్‌లో. దాన్ని సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే కాథలిక్ సన్యాసినులు నడిపేవాళ్లు. తల్లిదండ్రులు లేని పిల్లలు, ఉన్నా సాకలేని ఇళ్ల పిల్లలు, అల్లరి మితిమీరిందని పంపించిన పిల్లలు అక్కడ ఉండేవాళ్లు. క్రమశిక్షణ చాలా కఠినం. వడ్రంగం, ప్రింటింగ్, కుట్టుపని లాంటి పనులు నేర్పేవాళ్లు. దాంతోపాటు బ్యాండ్ కూడా ఉండేది. మన పెళ్లి బ్యాండ్‌కి లాగే దానికీ మూలం బ్రిటిష్ సైనిక బ్యాండే. నోట్స్ చదవడం, శ్వాస పట్టడం, పదిమందితో కలిసి ఒకే లయలో వాయించడం, ఇవన్నీ పిల్లలకు చిన్నప్పుడే వంటబట్టేవి.

సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ పేరు ఇక్కడ తప్పకుండా చెప్పాలి. దశాబ్దాల పాటు ఆల్ఫాలో పిల్లల సంగీతాన్ని ప్రాణంగా చూసుకున్న సన్యాసిని ఆవిడ. జాజ్, బ్లూస్ రికార్డులు సేకరించి పిల్లలకు వినిపించేది. 2003లో చనిపోయింది. జమైకా సంగీతం మీద పుస్తకం రాసేవాళ్లెవరూ ఆవిడ్ని వదిలేయకూడదని నా అభిప్రాయం.

'స్టూడియో బ్యాండ్' అని ఎందుకంటారు? కచేరీలు చేయలేదా?

చేశారు. 1964 జూన్‌లో కింగ్‌స్టన్ రే టౌన్‌లోని హై హ్యాట్ క్లబ్‌లో మొదలుపెట్టి, బోర్న్‌మత్ క్లబ్ లాంటి చోట్ల క్రమం తప్పకుండా వాయించారు. అయినా వీళ్ల అసలు పని పగటిపూట స్టూడియోలో జరిగేది.

బ్రెంట్‌ఫర్డ్ రోడ్‌లో క్లెమెంట్ డాడ్ నడిపిన స్టూడియో వన్ వీళ్లకు ఇల్లు లాంటిది. డాడ్‌ని అందరూ కాక్సన్ అనేవాళ్లు. అతని పోటీదారు డ్యూక్ రీడ్‌కి వాయించారు, ప్రిన్స్ బస్టర్‌కి వాయించారు, చైనీస్ జమైకన్ కుటుంబానికి చెందిన యువ ప్రొడ్యూసర్ జస్టిన్ యాప్‌కీ వాయించారు. గాయకుడు వచ్చి ట్యూన్ పాడి వినిపిస్తే వీళ్లు అక్కడికక్కడే హార్న్స్ భాగాలు కూర్చేవాళ్లు. ఒకే గదిలో అందరూ కలిసి వాయించాలి. ఒకరు తప్పితే మళ్లీ మొదటి నుంచి. తర్వాత విడిగా దిద్దుకునే సౌకర్యం అప్పుడు లేదు. ఆ రికార్డుల్లో ఊపిరి ఆడుతున్నట్టు అనిపించడానికి అదొక కారణం.

యాప్ 1964 నవంబర్‌లో రాత్రంతా సాగే సెషన్ ఒకటి పెట్టించాడు. 'కన్ఫ్యూషియస్' లాంటి డ్రమండ్ రచనలు అతని టాప్ డెక్ లేబుల్ మీదే వచ్చాయి. మాటల్లేని స్కాలో అంతకంటే గొప్ప పని నేను వినలేదు.

హిట్ అయిన ఆ కవర్ ఏది?

'గన్స్ ఆఫ్ నవరోన్'. గ్రెగరీ పెక్ నటించిన 1961 నాటి హాలీవుడ్ యుద్ధ సినిమా థీమ్ అది. సంగీతం డిమిట్రీ టియోమ్కిన్. మూలం పెద్ద ఆర్కెస్ట్రా వాయించే సైనిక కవాతు లాంటిది. కాక్సన్ డాడ్ నిర్మాణంలో స్కాటలైట్స్ దాన్ని స్కాగా మార్చారు. 1967 వసంతంలో అది బ్రిటన్ సింగిల్స్ చార్టులో 36వ స్థానం దాకా వెళ్లింది.

మూలాన్నీ, దీన్నీ వెంటవెంటనే వినండి. కవాతులో ప్రతి అడుగూ నేల మీద బలంగా పడాలి. స్కా బలమంతా అడుగుకీ అడుగుకీ మధ్య ఉంటుంది. కాబట్టి ట్యూన్ మారకపోయినా సైనికులు మాయమై డాన్స్ హాల్ వచ్చేస్తుంది. హార్న్స్ అన్నీ కలిసి థీమ్ వాయించాక సోలోకి దారిస్తాయి, మళ్లీ థీమ్‌కి వస్తాయి. ఇది జాజ్ వాళ్ల పద్ధతి.

1965లో విడిపోయిన బ్యాండ్‌కి 1967లో హిట్ ఎలా వచ్చింది?

ఇంగ్లండ్‌కి వలస వెళ్లిన కరీబియన్ జనం తమ సంగీతాన్ని వెంట తీసుకెళ్లారు. వాళ్ల పార్టీల్లో, క్లబ్బుల్లో స్కా మోగుతూనే ఉంది. క్రిస్ బ్లాక్‌వెల్ జమైకాలో మొదలుపెట్టిన ఐలండ్ రికార్డ్స్ 1962లో లండన్‌కి మారి, జమైకా రికార్డులను అక్కడ అమ్మేది. 1964లో మిల్లీ పాడిన 'మై బాయ్ లాలీపాప్' రెండో స్థానానికి వెళ్లింది. అదీ కవరే. తర్వాత మోడ్‌లు అనే, ఫ్యాషన్, డాన్స్ అంటే పడిచచ్చే బ్రిటిష్ కుర్రాళ్లు ఈ సంగీతాన్ని పట్టుకున్నారు. 1967లో ప్రిన్స్ బస్టర్ 'అల్ కపోన్', డెస్మండ్ డెక్కర్ '007' బ్రిటన్ టాప్ 20లోకి వచ్చాయి. ఆ అలలోనే నవరోన్ కూడా పైకి లేచింది.

అప్పటికి జమైకాలో స్కా కాలం అయిపోయింది. లయ నెమ్మదించి రాక్‌స్టెడీ వచ్చేసింది. స్కాటలైట్స్ సభ్యులు వేరే బ్యాండ్లలో ఆ కొత్త సంగీతం వాయిస్తున్నారు.

అయితే ఇది వన్ హిట్ బ్యాండేనా?

బ్రిటన్ చార్టు పుస్తకం ప్రకారం అవును. కానీ ఆ కొలత ఇక్కడ పనికిరాదు. సెషన్ వాద్యకారులు ఎన్ని హిట్లు వాయించినా లేబుల్ మీద గాయకుడి పేరే ఉంటుంది. 1964, 65ల్లో జమైకాలో మోగిన స్కా రికార్డుల్లో చాలా భాగం వీళ్ల చేతుల మీదుగానే వచ్చింది. 'సిమ్మర్ డౌన్' ఒక్కటి చాలు. అక్కడ పాడుతున్నది ఇంకా పేరు లేని కుర్రాళ్లు. ఆ పాటకి ధైర్యం ఇచ్చింది వెనకున్న హార్న్స్.

ఇన్ని కవర్లు ఎందుకు చేశారు?

ఆ రోజుల్లో కింగ్‌స్టన్‌లో సినిమా హాళ్లు ఊరి ప్రాణం. వెస్టర్న్‌లు, గూఢచారి సినిమాలు, యుద్ధ సినిమాలు జనం ఎగబడి చూసేవాళ్లు. జనం నోట ఉన్న ట్యూన్‌ని స్కాగా మారిస్తే సౌండ్ సిస్టమ్ దగ్గర వెంటనే పట్టుకుంటుంది. పోటీ ప్రొడ్యూసర్ల మధ్య అది వ్యాపార తంత్రం కూడా. వీళ్లు బీటిల్స్ పాటను కూడా వదల్లేదు. 'ఐ షుడ్ హావ్ నోన్ బెటర్' ట్యూన్‌ని 'ఇండిపెండెంట్ యానివర్సరీ స్కా' చేశారు.

అయితే కవర్ల దగ్గరే ఆగిపోతే ఈ బ్యాండ్ సగమే తెలుస్తుంది. డాన్ డ్రమండ్ సొంత రచనలు 'ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్', 'మ్యాన్ ఇన్ ది స్ట్రీట్' వినండి. మైనర్ స్వరాల్లో సాగే దిగులు, దాని కింద ఆడించే లయ. ఆ రెండూ ఒకేసారి వినిపించడం డ్రమండ్ ప్రత్యేకత.

వాళ్లకి డబ్బులు సరిగ్గా ముట్టాయా?

లేదు. పాటకింతని చేతిలో పెట్టేవాళ్లు, అంతటితో లెక్క తీరిపోయేది. రికార్డు ఇంగ్లండ్‌లో అమ్ముడైనా, ఇరవై ఏళ్ల తర్వాత సంకలనాల్లో మళ్లీ వచ్చినా వాయించినవాళ్లకి రాయల్టీ అందడం అరుదు. జమైకాకి సొంత ఆధునిక కాపీరైట్ చట్టం వచ్చింది 1993లో. అప్పటికి ఈ రికార్డుల వయసు దాదాపు ముప్ఫై ఏళ్లు. ప్రొడ్యూసర్లు డబ్బు పెట్టారు, రిస్క్ తీసుకున్నారు, నిజమే. అయినా ఒక దేశపు సంగీతానికి పునాది వేసినవాళ్లకి దక్కింది రోజు కూలి లాంటిది కావడం నాకు న్యాయంగా అనిపించదు.

డాన్ డ్రమండ్‌కి ఏమైంది? మార్గరీటా ఎవరు?

అనీటా మహ్‌ఫుడ్ కింగ్‌స్టన్‌లో పేరున్న రుంబా నర్తకి. స్టేజీ పేరు మార్గరీటా. లెబనీస్ మూలాలున్న కుటుంబం. రాస్తఫారీలను సమాజం వెలివేసినట్టు చూస్తున్న రోజుల్లో, కౌంట్ ఆసీ డప్పు బృందం వాయించకపోతే తాను ఆడనని ఒక పెద్ద షోలో ఆవిడ పట్టుబట్టిందని, అలా ఆ డప్పులు పెద్ద స్టేజీ ఎక్కాయని చెబుతారు. 'ఉమన్ ఎ కమ్' అనే పాట కూడా రాసి పాడింది.

ఆవిడ డ్రమండ్‌తో కలిసి ఉండేది. డ్రమండ్ చాలాకాలంగా మానసిక అనారోగ్యంతో బాధపడుతూ బెల్‌వ్యూ ఆసుపత్రికి వెళ్లివస్తుండేవాడు. 1965 జనవరి 2 తెల్లవారుజామున అతను ఆమెను కత్తితో పొడిచి చంపాడు. మతిస్థిమితం లేదని కోర్టు తేల్చింది, బెల్‌వ్యూలోనే ఉంచారు. 1969 మే 6న అక్కడే చనిపోయాడు.

ఈ విషయాన్ని చాలాచోట్ల 'విషాద మేధావి' కథలా రాస్తారు. నాకు అది నచ్చదు. హత్యకు గురైంది ఒక కళాకారిణి. డ్రమండ్ సంగీతాన్ని ప్రేమించే మనం ఆవిడ పేరును అతని కథలో ఒక వాక్యంగా మిగల్చకూడదు.

బ్యాండ్ విడిపోవడానికి అదే కారణమా?

పెద్ద దెబ్బ అదే, కానీ అదొక్కటే కాదు. తొమ్మిదిమంది వాద్యకారులు, పైన గాయకులు, వచ్చే డబ్బు తక్కువ. డాడ్, రీడ్ ఇద్దరూ మంచి వాద్యకారులను తమవైపు లాక్కోవాలని చూసేవాళ్లు. 1965 ఆగస్టులో చివరి కచేరీ అయ్యాక బృందం రెండుగా చీలింది. మెకుక్ సూపర్‌సోనిక్స్ పెట్టి డ్యూక్ రీడ్ దగ్గర చేరాడు. అల్ఫాన్సో, మిట్టూ సోల్ బ్రదర్స్ పేరుతో స్టూడియో వన్‌లో ఉండిపోయారు. రాక్‌స్టెడీలో మనకిష్టమైన పాటలు చాలావరకు ఈ రెండు బ్యాండ్ల పనే. విడిపోవడం వల్ల సంగీతం ఆగిపోలేదన్నమాట.

1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌కి జమైకా వీళ్లను పంపిందా?

పంపలేదు. స్కాని ప్రపంచానికి చూపించడానికి ప్రభుత్వం పంపిన బ్యాండ్ బైరన్ లీ అండ్ ది డ్రాగనేర్స్. వాళ్లతో జిమ్మీ క్లిఫ్, మిల్లీ, ప్రిన్స్ బస్టర్ వెళ్లారు. బైరన్ లీ బ్యాండ్ హోటళ్లలో, ఉన్నత వర్గాల పార్టీల్లో వాయించే బ్యాండ్. స్కాటలైట్స్ పేదవాడల నుంచి వచ్చినవాళ్లు, రాస్తఫారీలతో తిరిగేవాళ్లు. వర్గ భేదమే వాళ్లను పక్కన పెట్టిందని సంగీత చరిత్రకారులు చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకుంటున్నాను.

మళ్లీ కలిశారా? ఇప్పుడు బ్యాండ్ ఉందా?

1983లో రెగే సన్‌స్ప్లాష్ ఉత్సవంలో మళ్లీ కలిశారు. తర్వాత అమెరికా కేంద్రంగా ప్రపంచమంతా తిరిగారు. 1990లలో రెండు ఆల్బమ్‌లకు గ్రామీ నామినేషన్లు వచ్చాయి. జాకీ మిట్టూ 1990లో పోయాడు. మెకుక్, అల్ఫాన్సో ఇద్దరూ 1998లోనే, కొద్ది నెలల తేడాతో. నిబ్ 2011లో, బ్రెవెట్ 2012లో, స్టెర్లింగ్ 2023లో వెళ్లిపోయారు. తర్వాతి తరం వాద్యకారులు అదే పేరుతో కచేరీలు కొనసాగించారు. కొంతమంది అది అసలు స్కాటలైట్స్ కాదంటారు. దశాబ్దాల పాటు అసలు సభ్యుల పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్లకి ఆ హక్కు ఉందని నేనంటాను.

'గన్స్ ఆఫ్ నవరోన్' ది స్పెషల్స్ పాట కాదా?

వాళ్లు చేసింది కవర్‌కి కవర్. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నుంచి వచ్చిన ది స్పెషల్స్ 1980లో విడుదల చేసిన లైవ్ ఈపీ (నాలుగైదు పాటల చిన్న రికార్డు) బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అందులో ఈ ట్యూన్ ఉంది. వాళ్లతో ట్రాంబోన్ వాయించిన రీకో రోడ్రిగెజ్ ఆల్ఫా స్కూల్ విద్యార్థి, అక్కడ డాన్ డ్రమండ్ దగ్గర నేర్చుకున్నవాడు.

మన దేశంలో స్కా వాయించేవాళ్లున్నారా?

ఉన్నారు. ఢిల్లీ బ్యాండ్ ది స్కా వెంజర్స్ వినండి.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఒకే ట్యూన్‌కి రకరకాల పేర్లు కనిపిస్తున్నాయేం?

'ఫౌండేషన్ స్కా' అనే రెండు డిస్కుల స్టూడియో వన్ సంకలనం మంచి మొదలు. తర్వాత టాప్ డెక్ రికార్డింగులు. నవరోన్‌తో మొదలుపెట్టినా తప్పులేదు, కానీ వెంటనే 'ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్' పెట్టండి.

పేర్ల తికమక నిజమే. ఒకే రికార్డింగు ఒకచోట స్కాటలైట్స్ అని, ఇంకోచోట రోలాండ్ అల్ఫాన్సో అని, మరోచోట టామీ మెకుక్ లేదా డాన్ డ్రమండ్ అని కనిపిస్తుంది. సోలో వాయించినవాళ్ల పేరో, ట్యూన్ కట్టినవాళ్ల పేరో లేబుల్ మీద వేసేవాళ్లు. కొన్నిసార్లు ట్యూన్ పేరే మార్చేవాళ్లు. మరో చిక్కు, 1983 తర్వాత ఇవే ట్యూన్లను మళ్లీ రికార్డు చేశారు. ఫోన్‌లోని మ్యూజిక్ యాప్‌లో వెతికితే ముందుగా అవే రావచ్చు. శబ్దం మరీ శుభ్రంగా, విశాలంగా ఉంటే అది తర్వాతిది. 1964 నాటిదైతే కాస్త గరగరగా, అన్ని వాద్యాలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు ఉంటుంది. విడుదల సంవత్సరం కాకుండా రికార్డు చేసిన సంవత్సరం చూసి ఎంచుకోండి.